నెలవంక పై అంచు

"నీ మరదలిని చంపాలి," అన్నాడు చీఫ్.

"ఎన్నింటిలోగా సార్?" అని అడిగాడు తిమ్మిరి.

చీఫ్ ఫైలు మూసి అతని ముఖంలోకి చూశాడు. ఏదైనా కనిపిస్తుందేమోనని కాసేపు వెతికి, దొరక్క, "పదకొండున్నరలోగా," అన్నాడు. గోడ గడియారంలో అప్పుడు తొమ్మిదయింది.

తిమ్మిరి అసలు పేరు సర్వీసు రిజిస్టరులో తప్ప ఎక్కడా వినిపించదు. ఏజెంట్ కాకముందు కెమిస్ట్రీ ల్యాబ్‌లో డెమాన్‌స్ట్రేటర్‌గా పనిచేశాడు. ఒకరోజు లిక్విడ్ నైట్రోజన్ ఒలికి ఎడమచేతి వేళ్ళకి స్పర్శ పోయింది. అప్పటినుంచి తిమ్మిరి అన్నది ముద్దుపేరై, డిపార్ట్‌మెంట్‌లో చేరాక కోడ్ నేమ్ అయి కూర్చుంది. ఎనిమిది నెలల కిందట భార్య పోయాక ఆ పేరు వేళ్ళతో ఆగలేదు. తిండి తింటున్నాడు, డ్యూటీకి వస్తున్నాడు, పడుకుంటే నిద్ర కూడా పడుతోంది. అంతకుమించి లోపల ఏమీ కదలడం లేదు.

చీఫ్ బ్రీఫింగ్ పావుగంటలో ముగించాడు. బయటి దేశపు ముఠా ఒకటి ఊళ్ళోకి దిగింది. ఇవాళ పదకొండింటికి రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ లెక్చర్ హాల్లో వృద్ధ ప్రొఫెసర్ గారి ఉపన్యాసం ఉంది. వినడానికి దేశదేశాల సైంటిస్టులు నలభై మంది వస్తున్నారు. వాళ్ళు మన గడ్డ మీద చస్తే, ఆ నింద మన నెత్తిన పడుతుంది. ముఠాకి కావలసింది అదే. ఆ ప్రొఫెసర్ తిమ్మిరికి స్వయానా మామగారు. ల్యాబ్‌లోంచి ముఠాకి సాయపడుతున్నది ఆయన చిన్నకూతురు, తిమ్మిరి మరదలు. ఒక హోటల్ లాబీలో, నల్లతోలు గ్లౌజులు వేసుకున్న ముఠా మనిషి పక్కన ఆమె నవ్వుతూ కూర్చున్న ఫొటోలు నాలుగున్నాయి. నాలుగింటిలోనూ అందంగానే ఉంది.

వాళ్ళ మధ్య కబుర్లు నడిచేది ఫోన్లలో కాదు. స్టూడెంట్స్ ల్యాబ్‌లో మూడో బెంచీ మీద నిలబెట్టిన బ్యూరెట్‌లో. బ్యూరెట్ అంటే గీతలూ అంకెలూ ఉన్న సన్నటి పొడుగాటి గాజు గొట్టం. ద్రవం ఏ గీత దగ్గర ఆగితే అది అంకె, ఆ అంకె ఒక టైము. ఈ కిటుకు పసిగట్టింది డిపార్ట్‌మెంట్ కోడ్ నిపుణుడు. అతన్ని అందరూ భూతద్దం అంటారు. పొద్దున ఏడింటికి, బ్యూరెట్ వెనక టార్చి వెలుగుతుండగా తీసిన ఫొటో పెద్దది చేసి, ఊదారంగు పర్మాంగనేట్ ఏ గీత మీద ఉందో స్కేలుతో కొలిచి, పదకొండు పాయింట్ నాలుగు సున్నా అని తేల్చాడు.

"పదకొండూ నలభై," అన్నాడు చీఫ్. "అప్పటికి ఉపన్యాసం అయిపోయి అందరూ బస్సెక్కడానికి గేటు దగ్గరికొస్తారు. దెబ్బ అక్కడే. మనవాళ్ళందర్నీ గేటు దగ్గర పెడుతున్నాను. పదకొండూ ముప్ఫై అయిదుకి కారిడార్‌లోకి వచ్చి, సైంటిస్టుల్ని వెంటబెట్టుకుని బయటికి తీసుకెళ్తారు. అప్పటికి లోపల నీ పని అయిపోవాలి. ఆమె సైగ చెయ్యకపోతే ముఠావాళ్ళు కదలరు."

తర్వాత సామాన్లిచ్చారు. మెకానిక్ యూనిఫారం, గుబురు మీసం, గ్యాస్‌ని పసిగట్టి కూతపెట్టే వాచీ, మాట్లాడితే గేటు దాకా వినిపించే పెన్ను, దొంగ అడుగున్న టూల్‌బాక్స్. ఆ అడుగున సైలెన్సర్ బిగించిన పిస్టల్. చివర్న ఒక కాగితం మీద సంతకం పెట్టమన్నారు. దాని మీద మరదలి పేరూ, "నిర్మూలన" అన్న మాటా టైపు చేసి ఉన్నాయి. తిమ్మిరి సంతకం పెట్టాడు.

పదీ ఇరవైకి అతను స్టూడెంట్స్ ల్యాబ్‌లో ఫ్యూమ్ హుడ్ ముందు స్టూలు మీద నిలబడి స్క్రూలు తిప్పుతున్నాడు. విషపు ఆవిర్లని పైకి లాగేసే గాజు తలుపుల అర అది. పెన్ను గోడల మందానికి ఎప్పుడో మూగబోయింది. వాచీ మాత్రం నేల తుడిచిన ఫినాయిల్‌ని పట్టుకుని రెండుసార్లు కూతపెడితే, విప్పి టూల్‌బాక్స్‌లో పడేశాడు.

కుర్రతనంలో అతను పనిచేసింది ఈ ల్యాబ్‌లోనే. ప్రొఫెసర్ పెద్దకూతురితో పరిచయమైంది మూడో బెంచీ దగ్గర. ఆమె పోయింది కిటికీ పక్క బెంచీ దగ్గర. గ్యాస్ పుట్టే ఫ్లాస్కుకి ఊపిరి వదిలే దారి ఉంచాలి. ఆ రోజు బిరడా బిగిసిపోయి ఉంది, లోపలి గ్యాస్‌కి చోటు చాలక గాజు పేలిపోయింది. విచారణలో ప్రమాదం అని రాశారు. అక్కడ గోడకి కొత్తగా పూసిన సిమెంటు మిగతా గోడకంటే తెల్లగా ఉంది. తిమ్మిరి ఆ తెల్లటి చోటుని చూశాడు. సిమెంటు పని శుభ్రంగా చేశారు అనుకున్నాడు. తనకి అంతకంటే ఏమీ అనిపించనందుకు సిగ్గుపడాలని తెలుసు, ఆ సిగ్గు కూడా రాలేదు.

హై హీల్స్ చప్పుడు వినిపించింది. ఎర్ర లిప్‌స్టిక్, తెల్ల ల్యాబ్ కోటు, భుజం మీద ఊగే జుట్టు. మరదలు లోపలికొచ్చింది. రెండడుగుల వెనకే ఒక పొడుగాటి మనిషి. మెడలో డెలిగేట్ బ్యాడ్జీ, కుడిచెయ్యి కోటు జేబులో, ఎడమచేతికి నల్లతోలు గ్లౌజు.

తిమ్మిరి స్టూలు దిగి, స్పానర్ పెట్టుకోవడానికి చోటు కావాలని హాట్‌ప్లేట్ మీదున్న ఫ్లాస్కుని తీసి పక్కన పెట్టాడు. ఎడమచేత్తో తీశాడు. ఫ్లాస్కులో నీళ్ళు తెర్లుతున్నాయి. ఆ సంగతి వేళ్ళు చెప్పవు కనక అతనికి తెలియలేదు. తలెత్తేసరికి మరదలు అతని వేళ్ళవైపే చూస్తోంది. ఒక్క క్షణం చూసి కళ్ళు తిప్పుకుంది. మీసం, యూనిఫారం, మెకానిక్ నడక, అన్నీ ఆ ఒక్క ఫ్లాస్కు దగ్గర నీరుగారిపోయాయి.

"మెకానిక్ గారూ," అంది. "హుడ్ తర్వాత చూద్దురుగానీ, ఆ మూడో బెంచీ మీద బ్యూరెట్ కారుతోంది. కాస్త వంగి చూడండి."

గ్లౌజులవాడు ఆమెవైపు గుర్రుగా చూశాడు. కారితే అంకె మారిపోతుందిగా అని ఆమె గొంతు తగ్గించి సర్దిచెప్పింది. ఇద్దరూ హాలువైపు వెళ్ళిపోయారు.

తిమ్మిరి బ్యూరెట్ జోలికి పోలేదు. దాని అంకె ఫొటోలో చూసిందే. తనని గుర్తుపట్టాక ఆమె పొమ్మన్న చోటికి పోతే బుర్ర ఉన్నవాడి లక్షణం కాదు. పనిచేస్తున్నట్టు నటిస్తూ పదకొండయ్యేదాకా ఆగాడు.

పదకొండూ పదిహేనుకి అతను స్టేజీ వెనకనున్న ప్రిపరేషన్ రూములో, తలుపు సందులోంచి హాల్లోకి చూస్తున్నాడు. నలభై మంది కుర్చీల్లో ఉన్నారు. చివరి వరసలో గ్లౌజులవాడు, చెయ్యి ఇంకా జేబులోనే. బల్లమీద రకరకాల ఫ్లాస్కులు, వాటి వెనక మామగారు.

"వాయువుకి మొహమాటం లేదు," అంటున్నాడాయన. "ఎంత చోటిస్తే అంతా నాదే అంటుంది. ద్రవానికి కాస్త మర్యాద తెలుసు. దాని కొలత దానికుంది, గిన్నె ఎలా ఉంటే అలా సర్దుకుంటుంది."

ముప్ఫై ఏళ్ళుగా అదే ఉపన్యాసం, అదే నిమిషానికి అదే జోకు. హాలంతా నవ్వింది. తండ్రి పక్కన ఆమె వీపు ఇటువైపు పెట్టి నిలబడి ఉంది. ఆరు మీటర్ల దూరం. తిమ్మిరి పిస్టల్ తీసి, తెల్ల కోటు మీద రెండు భుజాల మధ్యకి గురిపెట్టాడు. తన పెళ్ళిలో ఈ పిల్ల చెప్పులు దాచేసి సాయంత్రం దాకా ఏడిపించిందని గుర్తొచ్చింది. ఎవరిదో పెళ్ళి కబురులా గుర్తొచ్చింది. చంపడానికి అడ్డొచ్చే భావం ఏదీ అతని లోపల లేదు.

అడ్డొచ్చింది బ్యూరెట్ ట్యాప్. ట్యాప్ కారుతోందన్న మాట చెవిలో పడ్డాక పాత డెమాన్‌స్ట్రేటర్‌కి నిలకడ ఉండదు. ఎన్నేళ్ళ అలవాటో అది. గురిపెట్టిన మనిషి బుర్రలో, అక్కడ బెంచీ మీద చుక్క తర్వాత చుక్క పడుతూ ఉంది. ఇంకా పావుగంట టైముంది కదా అనుకున్నాడు. పిస్టల్ నడుముకి దోపుకుని, కారిడార్ దాటి ల్యాబ్‌లోకి వచ్చాడు.

ట్యాప్ పొడిగా ఉంది. కింద చుక్క తడి లేదు. అబద్ధం చెప్పింది. మరి వంగి చూడమని ఎందుకంది?

అప్పుడు మోకాళ్ళు వాటంతటవే వంగాయి. ఈ బెంచీ దగ్గర నిలబడి పైనుంచి రీడింగు చూసినందుకు ఒకప్పుడు వీపు మీద దెబ్బ పడేది. "నువ్వు వంగు, లెక్క వంగదు," అనేది అతని భార్య. అప్పటికింకా భార్య కాదు. పక్కనే స్టూలు మీద కూర్చుని ఆమె చెల్లెలు పడీపడీ నవ్వేది. ఇద్దరికీ పని నేర్పింది ఆ అక్కే.

గాజు గొట్టంలో నీళ్ళు చదునుగా నిలవవు. అంచుల దగ్గర గాజుని పట్టుకుని కొంచెం పైకి పాకుతాయి, మధ్యలో కుంగుతాయి. ఆ వంపుని ఆమె నెలవంక అనేది. నెలవంక కింది అంచు దగ్గర అంకె చదవాలని ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది, భూతద్దం చదివింది పుస్తకమే. కానీ పర్మాంగనేట్ లాంటి ముదురు రంగులో కింది అంచు కంటికి ఆనదు. వెనకనుంచి గట్టి వెలుగు కొడితే తప్ప కనపడదు. అందుకని రంగు ద్రవాలకి పై అంచు చదవాలి. ఇది బెంచీ దగ్గర చేతులు కాల్చుకున్నవాళ్ళకే తెలిసిన సంగతి. బ్యూరెట్ మీద అంకెలు పైనుంచి కిందికి పెరుగుతాయి, అంటే పై అంచు దగ్గర అంకె తక్కువ.

తిమ్మిరి కన్ను గీతకి సమంగా పెట్టి పై అంచు చదివాడు. పదకొండు పాయింట్ రెండు అయిదు.

పదకొండూ ఇరవై అయిదు.

గోడ మీద గడియారం పదకొండూ ఇరవై ఒకటి చూపిస్తోంది. పదకొండూ ఇరవై అయిదుకి ఏం జరుగుతుందో ఈ ఇన్‌స్టిట్యూట్‌లో చదివిన ఎవర్ని అడిగినా చెబుతారు. ఉపన్యాసం మొదలైన ఇరవై అయిదో నిమిషానికి మామగారు బిరడా పేలుస్తారు. ఈథర్ పోసి బిరడా పెట్టిన ఫ్లాస్కుని వేన్నీళ్ళ తొట్టిలో దించుతారు. ఈథర్ ఆవిరై, చోటు చాలక బిరడాని ఎగరగొడుతుంది. టప్పుమని అది పైకప్పుకి తగులుతుంది, అందరూ చప్పట్లు కొడతారు. ఆ హాలు పైకప్పు నిండా ముప్ఫై ఏళ్ళ బిరడాల మచ్చలున్నాయి.

అతను ప్రిపరేషన్ రూముకి పరుగెత్తాడు. అరలో ఈథర్ సీసా ఉంది. నిండుగా ఉంది. దాని సీలు ఎవరూ తియ్యలేదు. అంటే బల్లమీది ఫ్లాస్కులో ఉన్నది ఈథర్ కాదు, ఆవిరైతే చంపే విషం. టైమరు లేదు, తీగలు లేవు, బాంబు స్క్వాడ్ కుక్కకి వాసన లేదు. ముసలాయన తన చేత్తో తనే, నవ్విస్తూ, నలభై మందినీ చంపబోతున్నాడు.

తలుపు సందులోంచి చూస్తే ఫ్లాస్కు అప్పటికే వేన్నీళ్ళలో ఉంది. మరదలి వేళ్ళు బల్ల అంచుని బిగబట్టి తెల్లబడ్డాయి. చివరి వరసలో గ్లౌజులవాడి జేబు ఆమెకేసే తిరిగి ఉంది. ఆమె చెయ్యి చాపినా, తను కేకపెట్టినా ముందు తూటా ఆమెకి, రెండోది మామగారికి. ఏం చేసినా అది ఉపన్యాసంలో భాగంలాగే కనపడాలి.

తర్వాతి ప్రయోగం కోసం ఉప్పు కలిపి సిద్ధం చేసిన ఐసు తొట్టి మూల ఉంది. ఐసులో ఉప్పు కలిపితే చలి సున్నాకి చాలా కిందికి పోతుంది. తిమ్మిరి తొట్టి ఎత్తుకుని, నౌకరీలో అరిగిపోయిన అటెండర్‌లా కాళ్ళీడ్చుకుంటూ స్టేజీ ఎక్కాడు. బిరడా వణుకుతోంది. ఒక పక్క వెంట్రుకవాసి పైకి లేచింది కూడా. అతను ఎడమచేతి బొటనవేలితో బిరడాని నొక్కి, మెడ పట్టుకుని ఫ్లాస్కుని పైకి లాగి, ఐసులో మణికట్టు దాకా ముంచేశాడు.

"ఏమయ్యా, నీకేమైనా మతిపోయిందా?" అన్నాడు మామగారు. అల్లుణ్ణి ఆయన గుర్తుపట్టలేదు. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి ఆయన బిరడా పేలలేదు.

గ్లౌజులవాడు కుర్చీలో నిటారుగా అయ్యాడు.

"నాన్నా," అంది మరదలు. గొంతులో ఎక్కడా తొణుకు లేదు. "వేడిచేస్తే ఏమవుతుందో ఏటా చూపిస్తారు. చల్లబరిస్తే ఏమవుతుందో ఒక్కసారి చెప్పండి, నేనే తెమ్మన్నాను ఐసు."

ఆయన ఆమెవైపు, ఐసువైపు, నలభై ముఖాలవైపు చూశాడు. అడిగితే చాలు, పాఠం చెప్పకుండా ఉండలేని మనిషి. ఆవిరి ఎలా ముడుచుకుంటుందో, మళ్ళీ ద్రవమై ఫ్లాస్కు అడుక్కి ఎలా చేరుతుందో, అప్పుడు బయటి గాలే బిరడాని లోపలికి ఎలా నెడుతుందో మొదలుపెట్టాడు. గ్లౌజులవాడు వాచీ చూసుకుని వెనక్కి వాలాడు. వాడి లెక్కలో ఇంకా బోలెడు టైముంది.

తిమ్మిరి చెయ్యి తియ్యలేదు. అలాంటి ఐసులో మామూలు చెయ్యి నిమిషం ఆగదు. అతని వేళ్ళు ఎప్పుడో చచ్చినవి కనక బొటనవేలు బిరడా మీద స్థిరంగా ఉంది. రెండు నిమిషాలు, అయిదు, తొమ్మిది. చలి పైకి ఎగబాకి మోచేతిని అందుకుంది. మోచేతికి స్పర్శ ఉంది. అక్కడ నొప్పి మొదలైంది, ఎముకలోకి దిగింది, పళ్ళు బిగించినా ఆగలేదు.

"రీడింగు చూడ్డానికి బద్ధకిస్తే మా పెద్దమ్మాయి ఊరుకునేది కాదు," అంటున్నాడు మామగారు, పాఠం మధ్యలో ఎటో పోయి. "నువ్వు వంగు, లెక్క వంగదు అనేది."

ఎనిమిది నెలల్లో అతనికి దొరికిన మొదటి నొప్పి అది. వదులుకోబుద్ధి కాలేదు.

సరిగ్గా పదకొండూ ముప్ఫై అయిదుకి గ్లౌజులవాడు లేచి, మెల్లిగా బయటికి నడిచి, తలుపులు దగ్గరికి వేసి, జేబులోంచి గొలుసూ తాళమూ తీశాడు. రెండు చేతులూ గొలుసుతో నిండి ఉండగా, అదే నిమిషానికి కారిడార్‌లోకి వచ్చిన ఎనిమిది మంది డిపార్ట్‌మెంట్ మనుషులకి ఎదురుపడ్డాడు. తోడుండి తీసుకెళ్ళాల్సింది డెలిగేట్లని. ముందు ఇతన్ని తీసుకెళ్ళారు.

ఫ్లాస్కుని ఐసుతో సహా ఉక్కు పెట్టెలో పెట్టి పట్టుకుపోయారు. డెలిగేట్లు చప్పట్లు కొట్టి బస్సెక్కారు. ప్రిపరేషన్ రూములో డాక్టర్ తిమ్మిరి చేతికి కట్టు కడుతూ, చిటికెన వేలు దక్కకపోవచ్చు అన్నాడు. డాక్టర్ వెళ్ళాక మరదలు ఎదురుగా స్టూలు మీద కూర్చుంది.

"ఆ మీసం అస్సలు బాగోలేదు బావా," అంది.

అతను మీసం పీకి బల్లమీద పెట్టాడు. ఆమె మిగతాది ముక్తసరిగా చెప్పింది. అక్కది ప్రమాదం కాదని, ముఠాకి సాయపడనన్నందుకే చంపారని ఆమెకి మొదటినుంచీ అనుమానం. బిరడా బిగించిన చెయ్యి ఎవరిదో తెలుసుకోవాలని ముఠాలో చేరింది. గ్లౌజులవాడిదే. వారం కిందట వాడే గొప్పగా చెప్పుకున్నాడు. అప్పటినుంచి ఆమెని నీడలా అంటుకునే ఉన్నాడు, పొద్దున ఆ ద్రవం పోయించింది కూడా పిస్టల్ పెట్టే. బ్యూరెట్ చదవడం వాడికి నేర్పింది ఆమే. వాడు పదకొండూ నలభై అనే నమ్మాలని కింది అంచు చదవమంది, టార్చి కూడా ఆమే ఇచ్చింది. ఫొటోలు తీస్తున్నారని తెలుసు కనక, డిపార్ట్‌మెంట్‌లో అక్క దగ్గర నేర్చుకున్నవాడు ఒకడున్నాడు, పై అంచు చదువుతాడు కదా అనుకుంది.

"నేను రాకపోతే?" అన్నాడు తిమ్మిరి.

"వాడు కూడా లోపలే ఉండేవాడుగా."

అతను ఆమెవైపు చూశాడు. లిప్‌స్టిక్ చెక్కుచెదరలేదు. ఆమె తండ్రి, ఆమె, నలభై మంది. ఆ లెక్క ఆమె నిజంగానే వేసుకుందో, తనని ఏడిపించడానికి అంటోందో అతనికి తెలియలేదు.

"నిన్ను చంపమని పంపారు," అన్నాడు. "గురి కూడా పెట్టాను."

"తెలుసు. బల్లమీద నున్నటి ఫ్లాస్కులో కనిపించావు." ఆమె గొంతు అప్పుడు మొదటిసారి తడబడింది. "అదేం పెద్ద విషయం కాదు బావా. అక్క పోయిన రోజు నువ్వు ఒక్క చుక్క రాల్చలేదు. దానికే నీ మీద కోపం నాకు."

కట్టు లోపల మోచెయ్యి సలుపుతూనే ఉంది.

మర్నాడు పొద్దున చీఫ్ టేబుల్ మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి, పదకొండూ నలభై అని కచ్చితంగా కనిపెట్టి ముఠా మనిషిని పట్టించినందుకు భూతద్దానికి ప్రశంసాపత్రం. రెండోది, మరదలి పేరున్న ఉత్తర్వు. అమలుచెయ్యని ఉత్తర్వుని కారణం రాసి వాపసు చెయ్యాలని రూలు. తిమ్మిరి కుడిచేత్తో "రీడింగులో తేడా" అని రాసి ఇచ్చాడు.

చీఫ్ దాన్ని రెండుసార్లు చదివి, కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు. పైవాళ్ళు అడిగితే చెప్పాలి, తేడా ఎంత అని అడిగాడు.

"పాయింట్ ఒకటి అయిదు మిల్లీలీటర్లు సార్."

"అర్థమయ్యేలా చెప్పవయ్యా."

కిటికీ అద్దంలో తన ముఖం కనిపిస్తే తిమ్మిరి కట్టు చేత్తో చెంప తుడుచుకున్నాడు.

"మూడు చుక్కలు సార్," అన్నాడు.